గంతలు కట్టిందెవరు?

టారో నేర్చుకుంటున్నానని చెప్పినప్పుడల్లా నాకు రెండు రకాల ముఖాలు ఎదురయ్యాయి. ఒకటి, "నువ్వు కూడానా!" అనే ముఖం. రెండోది, "ఏదీ, నాకోసారి చూడవా" అనే ముఖం. చాలాసార్లు రెండూ ఒకే మనిషివి. మధ్యలో పది నిమిషాల తేడా, అంతే.

ముందే చెప్పేస్తాను. కార్డులకి భవిష్యత్తు తెలుసని నేను నమ్మను. మరి రెండేళ్ళుగా ఈ పనేంటి అంటే, అది చదవడం మీద బెంగతో మొదలైంది. నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద సమీక్షలు రాస్తుంటాను. ఆ మధ్య కొన్ని నెలలు ఏ నవల పట్టుకున్నా పాతిక పేజీలు దాటలేకపోయాను. వాక్యం ఇంకా పూర్తి కాకుండానే దాని గురించి ఏం రాయాలో తోచేసేది. చదవకముందే అభిప్రాయం తయారు. ఆ రోజుల్లోనే ఒక డెక్ కొన్నాను. 78 బొమ్మలు. పైన అంకె, కింద పేరు తప్ప ఇంకో మాట లేదు. మాటల్లేనిదాన్ని చదవడం నేర్చుకుంటే నా జబ్బు కాస్త నెమ్మదిస్తుందేమో అనుకున్నాను. నెమ్మదించలేదు. కానీ జబ్బు ఏమిటో తెలిసింది.

*

గురువు లేకుండా నేర్చుకునేవాళ్ళందరూ చేసే తప్పే నేనూ చేశాను. డెక్‌తో పాటు ఒక చిన్న పుస్తకం వస్తుంది. ఒక్కో కార్డుకీ రెండు మూడు పంక్తులు, నిటారుగా పడితే ఒక అర్థం, తలకిందులుగా పడితే ఇంకో అర్థం. ఇంటర్లో కెమిస్ట్రీ సమీకరణాలు బట్టీ పట్టినట్టు అవి పట్టేశాను. మూడు వారాలకి ఏ కార్డు తీసినా టక్కున చెప్పేదాన్ని. "నష్టం. ప్రయాణం. శుభవార్త." రైల్వే స్టేషన్లో వచ్చే ప్రకటనలా ఉండేది నా జోస్యం. వినేవాళ్ళకి విసుగు, నాకు అంతకంటే విసుగు. ఒక నెలయ్యాక నాకొక సంగతి తట్టింది. ఇన్ని రోజుల్లో నేను ఒక్క బొమ్మ కూడా చూడలేదు. కార్డు కనపడగానే బుర్రలో పుస్తకం తెరుచుకునేది, కళ్ళు అక్కడితో ఆగిపోయేవి.

సరే, నేను బట్టీ పట్టిందేమిటి? ఆ మాటలు ఎవరివి? సమీక్షకురాలి అలవాటు కొద్దీ వెతుక్కుంటూ వెళ్ళాను.

టారో పుట్టింది పదిహేనో శతాబ్దంలో, ఉత్తర ఇటలీలో. పుట్టింది పేకాటగా. మిలాన్ పాలకులైన విస్కోంతి, స్ఫోర్జా వంశాల కోసం బంగారు రేకు అద్ది చేయించిన ముక్కలు కొన్ని ఇప్పటికీ మ్యూజియముల్లో ఉన్నాయి. మామూలు పేకకి పైన ఇరవై ఒక్క తురుపు ముక్కలు, ఒక ఫూల్. అంతే తేడా. ఫ్రాన్స్‌లో, ఆస్ట్రియాలో ఇప్పటికీ ఈ ముక్కలతో ఆట ఆడతారు. ఈ చరిత్రనంతా ఓపిగ్గా తవ్వి 1980లో 'ది గేమ్ ఆఫ్ టారో' అనే లావుపాటి పుస్తకం రాసినవాడు మైకల్ డమెట్. ఆయన అసలు పని భాషాతత్వం. అర్థం అంటే ఏమిటి అని జీవితమంతా ఆలోచించిన మనిషి ఈ కార్డుల దగ్గరికొచ్చి "ఇవి ఆట ముక్కలు నాయనా" అని చెప్పడం నాకు భలే నచ్చింది.

మరి ఆట ముక్కల్లోకి రహస్యాలు ఎప్పుడొచ్చాయి? 1781లో కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచ్ పండితుడు, ఇది ఈజిప్టు పూజారులు దాచిపెట్టిన ప్రాచీన గ్రంథం అని ప్రకటించాడు. ఈజిప్టు చిత్రలిపిని అప్పటికి ఎవరూ చదవలేదు. షాంపోలియన్ దాన్ని విప్పింది 1822లో. అంటే లిపి తెలియక నలభయ్యేళ్ళ ముందే ఆయన గ్రంథం చదివేశాడన్నమాట. నవ్వొస్తుంది గానీ ఎక్కువ నవ్వకూడదు. చదవకముందే అభిప్రాయం తయారుగా ఉండటం నాకు బాగా తెలిసిన సంగతే.

*

నా చేతిలో ఉన్న డెక్ మాత్రం అంత పాతది కాదు. 1909 చివర్లో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ అనే సంస్థ అచ్చేసింది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది. బొమ్మలు పమేలా కోల్‌మన్ స్మిత్‌వి. చాలా ఏళ్ళపాటు దీన్ని అందరూ 'రైడర్-వెయిట్ డెక్' అన్నారు. అచ్చేసినవాడి పేరుంది, చెప్పి వేయించినవాడి పేరుంది. వేసినామె పేరు లేదు. ఆమె ఏం చేసిందంటే, ప్రతి బొమ్మలోనూ ఒక మూల, పాము మెలికలాంటి తన పొడి అక్షరాలు పెట్టుకుంది. వెతికితే కనపడతాయి. వెతకమని నేను కొన్న పుస్తకం చెప్పలేదు.

స్మిత్ 1878లో లండన్‌లో పుట్టింది. అమ్మానాన్నలు అమెరికన్లు. చిన్నతనం కొంత జమైకాలో గడిచింది. న్యూయార్క్‌లో ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో బొమ్మలు నేర్చుకుంది. జమైకాలో విన్న అనాన్సీ అనే సాలీడు కథల్ని 1899లో పుస్తకంగా వేసింది, తర్వాత వాటిని సభల్లో చెప్పి మెప్పించింది. అంటే ఆమె బొమ్మలేసే మనిషి మాత్రమే కాదు, కథ చెప్పే మనిషి. ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ న్యూయార్క్‌లోని తన గ్యాలరీలో ఫొటోలు కాని బొమ్మల్ని మొదటిసారి పెట్టింది 1907లో, ఈమెవే. ఆయనకే 1909 నవంబరులో ఒక ఉత్తరం రాస్తూ, చాలా పెద్ద పని ముగించాను, డబ్బులు మాత్రం చాలా తక్కువ అని చెప్పుకుంది. ఆ పెద్ద పని ఈ డెక్కే. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ ఊళ్ళో అప్పులతో చనిపోయింది. ఇవాళ ప్రపంచంలో టారో అనగానే కళ్ళముందు మెదిలేవి ఆమె బొమ్మలే.

ఆమె చేసిన పనిలో అసలు కొత్తదనం ఎక్కడుందంటే, చిన్న కార్డుల్లో. ఫూల్, డెత్, టవర్ లాంటి 22 పెద్ద కార్డులకి పాతకాలం నుంచీ బొమ్మలున్నాయి. మిగతా 56 కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలు. ఎక్కువ పాత డెక్కుల్లో అయిదు కప్పులంటే అయిదు కప్పులే, మన పేకలో అయిదు ఆఠీన్లున్నట్టు. పదిహేనో శతాబ్దపు సోలా బుస్కా అనే ఇటాలియన్ డెక్ ఒక్కటి మినహాయింపు. దాని ఫొటోలు బ్రిటిష్ మ్యూజియంలో ఉండేవి, స్మిత్ వాటిని చూసి ఉంటుందని పండితులంటారు. గుండెలో గుచ్చుకున్న మూడు కత్తుల బొమ్మ రెండిటిలోనూ ఉంది మరి. అయితే ఆమె ప్రతి అంకెనీ ఒక సన్నివేశం చేసింది. నాటకానికి సెట్లూ దుస్తులూ వేసిన అనుభవం ఉంది కదా, ప్రతి కార్డూ తెర లేచిన క్షణంలా ఉంటుంది. మనుషులు ఏదో చేస్తూ ఉంటారు. ఏం చేస్తున్నారో మనమే చెప్పుకోవాలి.

వెయిట్ ఆ బొమ్మలకి వివరణగా రాసిన 'ది పిక్టోరియల్ కీ టు ది టారో' (1911) చదివాను. విసుగు పుట్టించే పుస్తకమని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. సగం పేజీల్లో తనకంటే ముందు రాసినవాళ్ళందరూ తప్పంటాడు. మిగతా సగంలో తనకి అసలు సంగతి తెలుసు గానీ చెప్పనంటాడు. పెద్ద కార్డుల మీద ఉన్న శ్రద్ధ చిన్న కార్డుల మీద లేదు. ఫైవ్ ఆఫ్ కప్స్ తీసుకోండి. బొమ్మలో నల్లటి అంగీ కప్పుకుని తల దించుకున్న మనిషి. ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉన్నాయి. వెనక రెండు నిలబడే ఉన్నాయి. అవతల ఒక నది, దాని మీద వంతెన, ఆ పక్క ఒక కోట. వెయిట్ ఇందులో నష్టాన్నీ చూశాడు, మిగిలిన రెండు కప్పుల్నీ చూశాడు. బాగుంది. వెంటనే ఇది వారసత్వపు కార్డు, ఆస్తి చేతులు మారే కార్డు అంటాడు. కొందరి ప్రకారం పెళ్ళి కార్డు కూడానట, కాస్త చేదు కలిసిన పెళ్ళి. ఆస్తి ఎక్కడినుంచి వచ్చింది? పాత జోస్యం పుస్తకాల్లోంచి. బొమ్మలో మాత్రం లేదు. ఇక ఆ వంతెన ఉందని వర్ణనలో ఒక్క మాట అని ఊరుకుంటాడు, దానికి అర్థమేమీ చెప్పడు. స్మిత్ కష్టపడి వంతెన వేసింది, దాన్ని చదివినవాడు లేడు.

పత్రికల్లో కథకి బొమ్మ వేసే చిత్రకారుడు ఒక్కోసారి కథకుడి కంటే బాగా కథని చదువుతాడు. బాపు బొమ్మలతో కథలు చదివిన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడా అదే జరిగింది. నేను బొమ్మకి పక్కన రాసిన మాటల్ని మూలం అనుకున్నాను. మూలం బొమ్మ.

*

అందుకని పద్ధతి మార్చాను. ఒక రూళ్ళ నోటుబుక్కు కొన్నాను. రోజుకొక కార్డు. దాని అర్థం రాయకూడదు. బొమ్మలో ఏముందో రాయాలి. తెలుగులో రాయాలి.

తెలుగులో ఎందుకంటే, ఈ విద్య మనదాకా ఇంగ్లీషులో వచ్చింది, అదీ ఒక రకం ఇంగ్లీషులో. హీలింగ్, క్లోజర్, బౌండరీస్, లెట్టింగ్ గో. ఇన్‌స్టాలో ఏ రీడర్ని చూసినా ఇవే మాటలు. ఈ మాటలకి ఒక సుఖం ఉంది, ఎవరికైనా సరిపోతాయి. అందుకే ఎవరికీ సరిపోవు. తెలుగులో రాయడానికి కూర్చున్నప్పుడు 'లెట్టింగ్ గో'కి నాకు మాట దొరకలేదు. ఏం చేస్తాం, ఉన్నది రాశాను. "ఆయన తల వంచుకుని ఉన్నాడు. కప్పులు దొర్లి ఉన్నాయి. వెనక్కి చూడలేదు కాబట్టి మిగతా రెండూ కనపడి ఉండవు." అంతే. ఆ మూడు వాక్యాలూ నెలరోజుల బట్టీ కంటే ఎక్కువ చెప్పాయి.

ఇంకో తమాషా కూడా జరిగింది. మా నాన్న పేకాట మనిషి. సెలవులొస్తే మా ఇంట్లో రమ్మీ నడిచేది. ఆ ఇస్పేటుకి మూలం వెతుక్కుంటూ పోతే దక్షిణ యూరప్ భాషల్లో కత్తి దగ్గర తేలుతుంది. ఇటాలియన్లో స్పాదే అంటే కత్తులు. మా నాన్న విసిరికొట్టిన ఇస్పేటు ఎనిమిదీ, పండితులు వణికిపోతూ చెప్పే ఎయిట్ ఆఫ్ స్వోర్డ్సూ అక్కచెల్లెళ్ళు. అది తెలిశాక కార్డంటే ఉన్న భయం పోయింది. బొమ్మ మీద గౌరవం పెరిగింది.

ఈ దశలో చదివిన పుస్తకం రేచెల్ పొలాక్ 'సెవెంటీ ఎయిట్ డిగ్రీస్ ఆఫ్ విజ్డమ్'. 1980లో ఒక భాగం, 1983లో రెండోది. పొలాక్ నవలా రచయిత, కామిక్స్ కూడా రాసింది. అది తెలుస్తుంది. వెయిట్ దాచిపెట్టినట్టు నటిస్తే ఈమె విప్పి చూపిస్తుంది. ఫూల్‌ని పక్కన పెట్టి మిగతా 21 పెద్ద కార్డుల్ని ఏడేసి చొప్పున మూడు వరసలుగా పేర్చి ఒక ప్రయాణంగా చదువుతుంది. మొదటి వరస లోకంలో మనిషి, రెండోది లోపలికి చూపు, మూడోది అంతకంటే పెద్దదేదో. సొంతంగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి పుస్తకం నేను చూడలేదు. నాకున్న ఫిర్యాదు ఒకటే. ప్రయాణం అనగానే ప్రతి కార్డూ ఒక మెట్టవుతుంది, ప్రతి కష్టమూ ఒక పాఠమవుతుంది. మనుషుల కష్టాలు చాలావరకు మెట్లు కావు. ఇది నాకు పుస్తకం చదివినప్పుడు తట్టలేదు. తర్వాత తట్టింది.

*

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి.

నా స్నేహితురాలూ నేనూ ఆరేళ్ళు ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం, నల్లకుంటలో. తనది విజయనగరం వైపు. పోయినేడు వాళ్ళమ్మ బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగింది. నాన్న లేరు. అన్నయ్య దేశంలో లేడు. అదే నెలలో తనకి బెంగళూరులో పెద్ద ఉద్యోగం వచ్చింది. "ఎప్పుడూ ఆ ముక్కలు పట్టుకుని కూచుంటావు కదా, నాకూ చూడు" అంది. నవ్వుతూనే అంది, కానీ నవ్వులాటకి కాదని ఇద్దరికీ తెలుసు.

మూడు కార్డులు తీశాను. టెన్ ఆఫ్ వాండ్స్, పది కర్రల మోపు ఎత్తుకుని వంగిపోయి నడుస్తున్న మనిషి. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్, కళ్ళకి గంతలు కట్టి, ఒంటికి కట్లు కట్టి నిలబెట్టిన ఆడమనిషి, చుట్టూ నేలలో గుచ్చిన ఎనిమిది కత్తులు, వెనక కొండమీద కోట. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్, ఒక పడవ, అందులో ముసుగు కప్పుకున్న ఆడమనిషి, ఒక చిన్నపిల్ల, వెనక నిలబడి పడవ తోసే మనిషి.

నాకు చేతులు ఆగలేదు. ఇంత స్పష్టంగా కార్డులు పడటం నేనెప్పుడూ చూడలేదు. చెప్పుకుంటూ పోయాను. ఆ మోపు ఇంటి బరువు, అందరిదీ నువ్వే మోస్తున్నావు. ఈ కట్లు అపరాధభావం, ఇల్లూ అమ్మా కలిసి కట్టినవి. చూడు, కాళ్ళ ముందు కత్తుల్లేవు, దారి ఉంది, నీకు కనపడట్లేదంతే. ఇక ఈ పడవ బెంగళూరు. వెయిట్ కూడా ఈ బంధనం తాత్కాలికమనే అన్నాడు అని ఆయన్ని కూడా సాక్ష్యానికి పిలిచాను.

తను చాలాసేపు మధ్య కార్డు కేసి చూసింది. కోపమొస్తే తనకి వాళ్ళ ఊరి యాస వచ్చేస్తుంది.

"ఏటే, ఆ గంతలు కట్టింది మా అమ్మేనని నీకెవులు చెప్పారు?"

చూశాను. బొమ్మలో కట్టినవాళ్ళెవరూ లేరు.

"కోట ఉంది కదా వెనకాల..." అన్నాను.

"కోట ఉంది. అమ్మ లేదు. మరి గాంధారికి ఎవులు కట్టారు?"

దానికి నేను సమీక్షకురాలిలా జవాబు చెప్పబోయాను. ఇక్కడ చేతులు కూడా కట్లలో ఉన్నాయి కాబట్టి గాంధారి పోలిక పూర్తిగా కుదరదు అని. ఆ మాట నిజమే. కానీ ఆ నిజాన్ని నేను ఎప్పుడు చూశాను? తన మాట కాదనాల్సి వచ్చినప్పుడు. నా మాట చెప్పేటప్పుడు చేతులూ చూడలేదు, కట్టినవాళ్ళు లేరన్నదీ చూడలేదు.

తను ఊరుకోలేదు. మూడో కార్డు మీద వేలు పెట్టింది. "ఇందులో ముగ్గురూ మనకి వీపే పెట్టారు. ఎవరి ముఖం సరిగ్గా కనపడదు. ఆ ముసుగులో ఉన్నది మా అమ్మ కావచ్చు. పడవ తోసేది నేను కావచ్చు. నువ్వేమో నన్ను పడవెక్కించి పంపించేస్తున్నావు." తర్వాత కార్డులన్నీ పోగుచేసి నా చేతిలో పెట్టి మెల్లగా అంది. "నువ్వు మీ అమ్మని వదిలి వచ్చేశావు కదా, ఆ కథ చెప్తున్నావు నాకు."

ఇరవై రెండేళ్ళప్పుడు రాజమండ్రి నుంచి వచ్చేశాను. ఎందుకు, ఎలా అన్నది ఇక్కడ అనవసరం. వచ్చేయడం తప్పు కాదని నాకు నేను చెప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇంకెవరైనా కూడా వచ్చేస్తే అది ఇంకాస్త ఒప్పవుతుంది. నా చేతిలో కార్డులు ఆ పని చేశాయి.

*

రాజమండ్రి అంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు గోదావరి గట్టున చిలక జోస్యం చెప్పేవాడొకాయన ఉండేవాడు. పేరు చెప్తే పంజరం తలుపు తీసేవాడు. చిలక బుడిబుడి నడకతో వచ్చి, వరసగా పేర్చిన ముక్కల్లోంచి ఒకటి ముక్కుతో లాగి, గింజ తిని వెళ్ళిపోయేది. మడత విప్పితే ఒక దేవుడి బొమ్మ. ఆయన మాట్లాడుతున్నంతసేపూ బొమ్మకేసి చూసేవాడు కాదు. మా అమ్మ ముఖం కేసి చూసేవాడు. మోసం అనుకునేదాన్ని. ఇప్పుడు అనిపిస్తుంది, కనీసం ఆయన ఎదుటి మనిషి ముఖం చదివాడు. నేను బొమ్మనీ చదవలేదు, మనిషినీ చదవలేదు.

శ్రీనివాస కల్యాణం కథలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్ళి సోదె చెప్తాడు. మీ అమ్మాయి మనసులో ఫలానావాడు ఉన్నాడు, అతనికిచ్చి చెయ్యండి అంటాడు. ఆ ఫలానావాడు తనే! చిన్నప్పుడు ఈ ఘట్టం దగ్గర అందరం నవ్వేవాళ్ళం. సోదె చెప్పేవాడికి సోదెలో వాటా ఉండటం అనే సంగతిని మన కథలు ఎప్పుడో పసిగట్టాయి. దేవుడు కాబట్టి అక్కడ కథ సుఖాంతమైంది. నాలాంటివాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

టారోని కొట్టిపారేసేవాళ్ళు సాధారణంగా చెప్పే ఉదాహరణ ఫోరర్ ప్రయోగం. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ అధ్యాపకుడు తన విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వం గురించి వాళ్ళకి ఒక వర్ణన ఇచ్చాడు. సరిపోయిందా అని అడిగితే అయిదుకి సగటున 4.26 మార్కులేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన, జ్యోతిషం పుస్తకంలోంచి తీసింది. అస్పష్టంగా ఉన్న మాట అందరికీ తనదే అనిపిస్తుందన్నది నీతి. ఒప్పుకుంటాను. అయితే అస్పష్టత ఎక్కడుందో చూడాలి. 'మార్పు వస్తోంది' అనే మాటలో ఉంది. స్మిత్ బొమ్మలో లేదు. ఆ బొమ్మలో వెనక కప్పులు రెండే, మూడు కావు. కట్టినవాళ్ళు లేరు. పడవలోవాళ్ళు వీపు పెట్టి ఉన్నారు. ఇవి ఎవరైనా సరిచూసుకోగల సంగతులు. అందుకే నా స్నేహితురాలు నన్ను కాదనగలిగింది. నేను 'నీకు ఎదుగుదల ఉంది' లాంటి మాట చెప్పి ఉంటే తను కాదనగలిగేది కాదు. తల ఊపి వెళ్ళిపోయేది.

నాకు టారో నేర్పినదల్లా ఇదే. ఎదుటివాళ్ళు బొమ్మ మీద వేలు పెట్టి "కాదు" అనగలిగేట్టు చెప్తేనే చదివినట్టు. ఆ వీలు లేకుండా చెప్పేది, ఎంత అందంగా ఉన్నా, మన సొంత గొడవ.

ఇటాలో కల్వీనోకి ఈ సంగతి బాగా తెలుసు. 'ది కాసిల్ ఆఫ్ క్రాస్డ్ డెస్టినీస్'లో (ఇటాలియన్లో 1973) అడవి దాటి ఒక కోటకి చేరిన ప్రయాణికులందరికీ మాట పోతుంది. తమ కథల్ని టారో కార్డులు పేర్చి చెప్పుకుంటారు. కార్డులు పేర్చేది ఒకరు, వాటిని మాటల్లో పెట్టేది కథకుడు. ఆ పేర్చినవాడు ఒప్పుకున్నాడో లేదో మనకి తెలీదు, పాపం వాడికి నోరు లేదు కదా. మొదటిసారి చదివినప్పుడు కల్వీనో చమత్కారం మాత్రమే కనపడింది. ఈమధ్య మళ్ళీ చదివితే భయమేసింది. నోరు లేనివాళ్ళ కథ చెప్పడం ఎంత సులువో! పుస్తకాలు కూడా నోరు లేనివే. రచయిత వచ్చి సమీక్షకురాలి ముందు కూచుని "మా అమ్మేనని ఎవరు చెప్పారు?" అని అడగరు.

*

అందుకని ఒక పని చేశాను. కొన్నేళ్ళ కిందట నేను రాసిన ఒక సమీక్ష తీసి, ఆ కథా సంపుటాన్ని పక్కన పెట్టుకుని చదివాను. పుస్తకం పేరు చెప్పను, తప్పు దానిది కాదు. అందులో ఒక కథలో పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయి ఊళ్ళో మంచంపట్టిన తల్లి దగ్గరికి తిరిగి వెళ్ళిపోతుంది. నేను దాన్ని ఒక్క మాటలో తేల్చేశాను, 'లొంగుబాటు' అని. రచయిత్రి ఇంకా పాత విలువల దగ్గరే ఆగిపోయిందని కూడా రాశాను. ఇప్పుడు నోటుబుక్కు పద్ధతిలో, కథలో ఏముందో అది మాత్రమే రాసుకుంటూ చదివాను. చివరి పేజీలో ఆ అమ్మాయి పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి ఇంటి పన్ను రసీదు తన పేరు మీదికి మార్పించుకుంటుంది. రెండే రెండు వాక్యాలు. నా సమీక్షలో ఆ రసీదు ఊసే లేదు. నిలబడి ఉన్న రెండు కప్పులు నేను చూడలేదు. కథ గొప్పదా కాదా అన్నది వేరే చర్చ. నేను చదవలేదన్నది మాత్రం ఖాయం.

రచయిత్రికి ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇంకా రాయలేదు. ఈ వ్యాసం ఆ ఉత్తరానికి బదులు కాదని కూడా తెలుసు.

నా స్నేహితురాలు విజయనగరం వెళ్ళిపోయింది. కార్డులు చెప్పాయని కాదు, నేను చెప్పినదానికి మొండికేసీ కాదు. అది తన నిర్ణయం. ఒప్పో తప్పో నాకు తెలీదు, తను అడగలేదు కూడా. వారానికోసారి ఫోన్‌లో మాట్లాడుకుంటాం. కొన్నిసార్లు చాలా అలిసిపోయినట్టు వినిపిస్తుంది. అప్పుడు నా నోటి చివరిదాకా ఒక మాట వస్తుంది, "నే చెప్పలేదూ" అని. మింగేస్తాను. అది కూడా చదవకుండా చెప్పే మాటే.

కొత్తగా నేర్చుకుంటామని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది చాలా తక్కువ. పుస్తకం అటక మీద పెట్టండి. రోజుకొక బొమ్మ చూడండి. ఉన్నది రాయండి, లేనిదేమిటో కూడా రాయండి. వేరేవాళ్ళకి చూసేటప్పుడు ముందు వాళ్ళనే చెప్పమనండి. మీరు చెప్పాల్సొస్తే బొమ్మలో ఎక్కడుందో చూపించి చెప్పండి.

నిన్న రాత్రి మళ్ళీ కత్తుల ఎనిమిది పడింది. నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను. "ఒక ఆడమనిషి. కళ్ళకి గంతలు. ఒంటి చుట్టూ కట్లు, మరీ బిగుతుగా లేవు. కత్తులు ఎనిమిది. పాదాల దగ్గర నీళ్ళు. వెనక కొండమీద కోట. కట్టినవాళ్ళు లేరు." ఆ తర్వాత చాలాసేపు పెన్ను పట్టుకుని కూచున్నాను. ఇంకో వాక్యం రాయాలనిపించింది గానీ, రాయలేదు.